చిగుళ్ల వ్యాధియు, మధుమేహమును

(భిలాయి ఉక్కునగరమందలి తెలుగు కుటుంబముల కుద్దేశింపబడిన ఆరోగ్యోపన్యాస పాఠము)



నోటిని దంతవైద్యుడు చూచును. రక్తమును మధుమేహవైద్యుడు చూచును. ఒకే మనుష్యుని ఇరువురు వైద్యులు రెండు గదులలో పరీక్షించుచు, ఒకరు కనిపెట్టినదానిని రెండవవారికి తెలుపకుండుట తఱచుగా జరుగుచున్నది. రోగియు తన నోటిలోని బాధకును రక్తములోని చక్కెరకును సంబంధమేమని తలచి, ఒక గదిలో చెప్పవలసినదానిని మఱియొక గదిలో చెప్పడు. ఈ రెండు గదుల నడిమి గోడవలన కలుగు నష్టమును తెలుపుటయు, దానిని తొలగించుకొను మార్గమును చూపుటయు ఈ యుపన్యాసముయొక్క ఉద్దేశము.

చెప్పవలసిన విషయము క్లుప్తముగా నిది. మధుమేహము చిగుళ్లను చెఱచును. చెడిన చిగుళ్లు మధుమేహమును ముదిరించును. కావున చిగుళ్లనుండి రక్తము కారుచున్న వయోజనుడు తన రక్తమందలి చక్కెరను పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహము గలదని తెలిసినవాడు తన చిగుళ్లను పరీక్ష చేయించుకొనవలెను. ఇందులో నేయొక్కటి విడిచినను రెండవదానికి చేయు చికిత్స పూర్తి ఫలము నియ్యదు.

చిగుళ్లు నెత్తురోడినచో "వేడి చేసినది" యనియు, పండ్లు కదలినచో "వయస్సు మీఱినది" యనియు సమాధానపడుట గృహములలో వాడుకయై యున్నది. వేడివలన చిగుళ్లు నెత్తురోడవు. వయస్సు మాత్రముచేత పండ్లు కదలవు. ఆ రెండును వ్యాధి లక్షణములు.

భిలాయిలో ఈ విషయముయొక్క ప్రాముఖ్యము

1955వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన భారత ప్రభుత్వమునకును సోవియట్ ప్రభుత్వమునకును జరిగిన ఒడంబడిక ననుసరించి దుర్గు జిల్లాలోని భిలాయియందు ఉక్కు కర్మాగారము నిర్మింపబడెను. 1959వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు దాని మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి తెలుగువారు విజయనగరము, రాయపురముల నడిమి రైలుమార్గమున ఇచ్చటికి వచ్చి, పనులలో కుదిరి, కాపురములు పెట్టి, సెక్టారు 5లో బాలాజీ దేవాలయమును నిలుపుకొనిరి. 2000వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ రాష్ట్ర మేర్పడునాటికే వారి బిడ్డలు ఇచ్చట పుట్టి పెరిగి గృహస్థులైయుండిరి. అట్టి కుటుంబములలో పెద్దవారు నేడు మధుమేహము తఱచుగా కనబడు వయస్సున నున్నారు.

మధుమేహము దేశమంతట వ్యాపించిన వ్యాధి. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలివారి సర్వేక్షణ ప్రకారము దేశమందలి వయోజనులలో నూటికి 11.4 మంది మధుమేహముతోను, నూటికి 15.3 మంది మధుమేహమునకు ముందుదశలోను ఉన్నారు. చిగుళ్ల వ్యాధియు నట్టిదే. తీవ్రమైన చిగుళ్ల వ్యాధి లోకమందలి వయోజనులలో నూటికి 19 మందికి కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసెను. ఇంత విస్తారముగ నున్న రెండు వ్యాధులు ఒకే దేహమందు కూడుట వింత గాదు. అవి యొండొంటికి బలము చేకూర్చుటయే విచారింపదగిన విషయము.

ఉక్కునగరపు జీవితమున ఈ రెంటికిని దోహదము చేయు పరిస్థితులు మూడు గలవు.

మొదటిది పనివేళల మార్పు. ఉక్కు కొలిమి రేయింబవళ్లు మండవలసినదే కావున పనివారు మూడు షిఫ్టులలో వంతులవారీగా పనిచేయుదురు. రాత్రి మేల్కొనువారికి భోజనవేళలు తప్పును. నిద్ర నాపుకొనుటకు తీపి టీ పలుమారులు త్రాగుటయు, తెల్లవాఱి ఇల్లు చేరి పండ్లు తోమకయే నిద్రించుటయు సులభముగా అలవడును. షిఫ్టుపని చేయువారిలో మధుమేహము తక్కినవారిలోకంటె కొంత హెచ్చని పెక్కు దేశముల పరిశోధనలు తెలిపినవి.

రెండవది వేడిమి. కొలుములచెంత చెమటోడ్చువాని నోరు ఎండిపోవును. లాలాజలము నోటిని సహజముగా కడుగుచుండునది, క్రిముల పెరుగుదలను అణచునది. అది తగ్గినచోట పాచి శీఘ్రముగా పేరుకొనును. మధుమేహముగల వానికి అసలే నోరెండు స్వభావముండును. అట్టివానికి కొలిమి వేడిమి రెట్టింపు శత్రువు. దాహము తీర్చుకొనుటకు తీపి పానీయములు త్రాగినచో కీడు మూడింతలగును.

మూడవది పొగాకు. దీనినిగూర్చి విడిగా చెప్పవలసియున్నది.

గుడాఖు, చుట్ట

ఛత్తీస్‌గఢ ప్రాంతమున పొగాకు, బెల్లపు మడ్డి, సున్నము మొదలగువాటిని కలిపి ముద్దచేసిన గుడాఖు అను పదార్థమును వ్రేలితో పండ్లకును చిగుళ్లకును రుద్దుకొను వాడుక విస్తారముగా నున్నది. స్త్రీలును దీని కలవాటుపడుదురు. ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములలోనికిని ఈ వాడుక ప్రవేశించినది. పండ్లు శుభ్రపడుటకే దీనిని రుద్దుచున్నామని వాడువారు చెప్పుదురు. నిజమునకు వారిని దినమునకు పలుమారులు దానివైపు లాగునది పొగాకునందలి మత్తుపదార్థము. దానివలన చిగుళ్లు పండ్లను విడిచి క్రిందికి జాఱును, పండ్ల మొదళ్లు అఱుగును, నోటిలో తెల్లమచ్చలు పుట్టి అందులో కొన్ని కాన్సరుగా పరిణమించును. పండ్లపొడులలోను, పేస్టులలోను పొగాకు కలుపుటను భారత ప్రభుత్వము 1992లో నిషేధించెను. అయినను గుడాఖు పొగాకు సరకుగానే విక్రయింపబడుచున్నది.

శ్రీకాకుళము, విశాఖపట్టణముల సముద్రతీర గ్రామములలో చుట్టను అడ్డపొగగా, అనగా నిప్పుకొనను నోటిలోపల నుంచి కాల్చు వాడుక స్త్రీలలో నుండెను. వృద్ధస్త్రీలలో నింకను గలదు. దానివలన అంగిలికి కాన్సరు పుట్టుట వైద్యులు చిరకాలమునుండి యెఱిగినదే. చుట్ట, బీడీ, సిగరెట్టులకు మఱియొక దోషము గలదు. పొగ చిగుళ్లయందలి సన్నని రక్తనాళములను కుదించును. అందుచేత వ్యాధి లోలోపల పెరుగుచున్నను నెత్తురు కనబడదు. "నాకు చిగుళ్లు నెత్తురోడవు, నా నోరు బాగుగనే యున్నది" యని పొగత్రాగువాడు చెప్పు మాట నమ్మదగినది కాదు.

పొగాకు చిగుళ్లతో తృప్తిపడదు. పొగ త్రాగువారికి మధుమేహము కలుగు అవకాశము త్రాగనివారికంటె 30 నుండి 40 శాతము హెచ్చని 2014లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక తెలిపెను. ఈ విషయమున ఛత్తీస్‌గఢమునకు కొంత ఆశాజనకమైన వార్తయు గలదు. 2009-10లో జరిగిన సర్వేక్షణలో ఇచ్చటి వయోజనులలో నూటికి 53.2 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండగా, 2016-17 నాటికి ఆ సంఖ్య 39.1కి తగ్గెను. మానుట సాధ్యమేయని దీనివలన తెలియుచున్నది.

చిగుళ్ల వ్యాధి ఎట్లు పుట్టును?

పంటికిని చిగురునకును నడుమ సన్నని సందు గలదు. భోజనానంతరము పండ్లపై మెత్తని పాచి పట్టును. ఈ పాచి కేవలము అన్నపు మురికి గాదు. కోట్లకొలది సూక్ష్మజీవులు గూడుకట్టుకొన్న పొర. దానిని దినదినము తొలగింపనిచో లాలాజలమందలి సున్నముతో కూడి గట్టిపడి గారగా మాఱును. గారను బ్రష్షుగాని, వేపపుల్లగాని తీయజాలదు.

1965లో డెన్మార్కు దేశమందలి ఆర్హుస్ పట్టణమున హారాల్డ్ లోయె అను ఆచార్యుడును ఆయన సహచరులును ఒక పరీక్ష చేసిరి. ఆరోగ్యవంతమైన చిగుళ్లుగల 12 మందిని కొన్ని దినములు పండ్లు తోముకొనకుండ నుండుమనిరి. 10 నుండి 21 దినములలోపల అందఱి చిగుళ్లును వాచినవి. మఱల తోముకొన నారంభింపగా, ఇంచుమించు వారము దినములలో వాపు తీసిపోయెను. పాచియే కారణమనియు, తొలిదశలో వ్యాధి పూర్తిగా నయమగుననియు ఈ పరీక్షవలన స్పష్టమైనది.

తొలిదశ దాటనిచ్చినచో వాపు లోతునకు దిగును. చిగురు పంటినుండి విడిపోయి సంచివలె తెఱచుకొనును. ఆ సంచిలో గాలి చొరదు, బ్రష్షు చేరదు. పంటిని పట్టియుంచు దవడ యెముక కొంచెము కొంచెముగ కరగును. కరగిన యెముక మఱల సహజముగా పెరుగదు. ఇది నొప్పిలేకుండ జరుగును. నొప్పి పుట్టునప్పటికి పన్ను కదలుచుండును. కొలిమి పైరేకు చక్కగ కనబడుచుండగనే లోపలి ఇటుకల వరుస అఱిగిపోవుటను ఉక్కు పనివారెఱుగుదురు. అదేవిధముగా పైకి తెల్లగ నున్న పండ్లక్రింద ఎముక కరుగుచుండవచ్చును.

తీవ్రమైన వ్యాధిగల నోటిలో ఈ సంచుల లోపలితట్టున వాచి పుండుపడిన భాగమంతయు ఒకచోట పఱచినచో 8 నుండి 20 చదరపు సెంటీమీటర్లు ఉండవచ్చునని యొక అంచనా. అంత పుండు కాలిమీద నున్నచో ఏ మనుష్యుడును ఒక దినమైనను ఊరకుండడు. నోటిలో నుండుటచేత సంవత్సరములకొలది ఊరకుండును.

మధుమేహము చిగుళ్లను చెఱచు విధము

రక్తమున చక్కెర హెచ్చుగ నున్నచో క్రిములతో పోరాడు తెల్లకణముల శక్తి తగ్గును. సన్నని రక్తనాళముల గోడలు మందమై చిగుళ్లకు పోషణము సరిగా అందదు. చక్కెర దేహమందలి మాంసకృత్తుల కంటుకొని పుట్టించు పదార్థములు వాపును హెచ్చించును, గాయములు మానుటను ఆలస్యము చేయును. లాలాజలము తగ్గును. ఇన్ని కారణములచేత, పాచి సమానముగ నున్న ఇరువురిలో మధుమేహము అదుపులో లేనివానికే చిగుళ్లు త్వరగా చెడును.

1993లో పైన చెప్పిన లోయె ఆచార్యుడే చిగుళ్ల వ్యాధిని మధుమేహముయొక్క ఆఱవ ఉపద్రవముగా పేర్కొనెను. కన్నులు, మూత్రపిండములు, నరములు, పెద్ద రక్తనాళములు చెడుటయు, పుండ్లు మానకుండుటయు తొలి యైదు. కన్నుకును కాలికిని భయపడు మధుమేహరోగి చిగుళ్లకును భయపడవలసియున్నది.

ఈ సంబంధమును భారతదేశపు పూర్వవైద్యులు గమనింపకపోలేదు. సుశ్రుతుడు ప్రమేహరోగపు పూర్వరూపములను చెప్పుచు, అంగిలి, గొంతు, నాలుక, దంతములయందు మలము చేరుటను వాటిలో నొకటిగా ఎంచెను. పూర్వుల ప్రమేహమును నేటి మధుమేహమును అన్నివిధముల ఒకటే యనరాదు. అయినను దేహమందలి యీ దోషము తొలుత నోటిలో పొడసూపవచ్చునని వారు కనిపెట్టియుండిరనుట నిజము.

చిగుళ్లు మధుమేహమును ముదిరించు విధము

ఇన్సులిను రక్తమందలి చక్కెరను కండరములలోనికి ప్రవేశపెట్టును. కండరములును కాలేయమును దాని ఆజ్ఞను పాటించునంతకాలము చక్కెర అదుపులో నుండును. దేహమందెచ్చటనైనను దీర్ఘకాలము వాపుండినచో, అచ్చట పుట్టిన వాపుపదార్థములు రక్తముతో సంచరించి, కండరములు ఇన్సులిను ఆజ్ఞను వినకుండునట్లు చేయును. చిగుళ్ల సంచులు అట్టి వాపునకు నిలయములు. నమలినప్పుడెల్ల వానినుండి క్రిములును, వాటి విషపదార్థములును రక్తమున ప్రవేశించును. జలుబు జ్వరములు వచ్చినపుడు చక్కెర పెరుగుట మధుమేహరోగు లందఱును ఎఱిగినదే. చిగుళ్ల వ్యాధి అట్టి జ్వరమే, ఎన్నడును తగ్గని చిన్న జ్వరము.

అమెరికాదేశపు ఆరిజోనా రాష్ట్రమందలి పీమా జాతివారిలో మధుమేహము మిక్కిలి హెచ్చు. వారిలో మధుమేహముగల 628 మందిని పరిశోధకులు అనేక సంవత్సరములు పరిశీలించి 2005లో ఫలితములను ప్రకటించిరి. చిగుళ్ల వ్యాధి తీవ్రముగనున్నవారు గుండెజబ్బుచేతను మూత్రపిండముల జబ్బుచేతను మరణించు అవకాశము తక్కినవారికంటె 3.2 రెట్లుండెను.

ఇంకొక మార్గమున గూడ చిగుళ్లు చక్కెరను పెంచును. దవడపండ్లు పోయినవాడు జామకాయ, వేరుసెనగలు, పచ్చి కాయగూరలు, గట్టి రొట్టె నమలజాలడు. మెత్తని యన్నము, చారు, బిస్కత్తులు ముంచిన టీ అతని ఆహారమగును. నారపదార్థముగల ఆహారము పోయి, శీఘ్రముగా చక్కెరయగు ఆహారము మిగులును. వైద్యుడు పథ్యము చెప్పును గాని, ఆ పథ్యమును నమలుటకు పండ్లున్నవా యని అడుగుట మఱచును.

చిగుళ్లకు చికిత్స చేసినచో చక్కెర తగ్గునా?

హెచ్‌బిఏ1సి అను రక్తపరీక్ష గడచిన ఇంచుమించు మూడు నెలల చక్కెర సగటును తెలుపును. 2022లో కాక్రేన్ సంస్థవారు 35 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించిరి. చిగుళ్లకు లోతైన శుభ్రత చేయించుకొన్న మధుమేహరోగులలో ఈ సంఖ్య మూడు నాలుగు నెలలలో 0.43, పండ్రెండు నెలలలో 0.50 చొప్పున తక్కినవారికంటె తగ్గెను. అనగా 8 ఉండదగినచోట ఇంచుమించు 7.6 ఉండును. స్వల్పముగ తోచును గాని యీ తగ్గుదల కొన్ని మందుల ఫలమునకు చేరువ. ఈ సంఖ్య 1 తగ్గినకొలది కన్నులు, మూత్రపిండములవంటి సూక్ష్మనాళముల ఉపద్రవములు 37 శాతము తక్కువగా కనబడినవని బ్రిటను దేశపు దీర్ఘ పరిశోధన 2000లో తెలిపెను.

అన్ని పరిశోధనలును ఒకే మాట చెప్పలేదు. 2013లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో 514 మందిని పరిశీలింపగా, చికిత్స జరిగిన ఆఱు నెలలకు చక్కెరయందు మార్పు కనబడలేదు. చికిత్స పిమ్మటగూడ ఆ రోగుల నోళ్లలో పాచియు నెత్తురును చాలవఱకు మిగిలియుండెనని పలువురు విమర్శకులు ఎత్తిచూపిరి. 2018లో ప్రకటింపబడిన లండను పరిశోధనలో 264 మందిని తీసికొని, ఒక భాగమువారికి సంవత్సరముపొడవున శ్రద్ధగా చికిత్స చేయగా, వారి సంఖ్య రెండవ భాగమువారికంటె 0.6 తక్కువయ్యెను. దీనివలన గ్రహింపవలసినది, ఒకసారి మొక్కుబడిగా గార తీయించుకొని ఊరకుండుట చాలదనియు, వాపు నిజముగా తీసిపోవువఱకు చికిత్స సాగి, పిమ్మట ఇంటిలో శుభ్రత నిలువవలెననియు. మఱియొక మాట: చిగుళ్ల చికిత్స మాత్రలకును, ఇన్సులినునకును, పథ్యమునకును బదులు గాదు, వాటికి తోడు.

కొన్ని అపోహలు

"గార తీయించినచో పండ్లు కదలును" అని పలువురు భయపడుదురు. గారయు వాపును పండ్ల సందులను కప్పియుంచును. గార తీసి వాపు తగ్గిన పిమ్మట ముందే కరగిన యెముక జాడ బయటపడి సందులు కనబడును. చికిత్స ఆ సందులను పుట్టింపలేదు, చూపినదంతే.

"పన్ను తీయించినచో కన్ను పోవును" అనుట నిరాధారము. పంటి నరములు వేఱు, చూపు నరములు వేఱు. మధుమేహరోగి చూపు తగ్గుటకు చక్కెర అదుపుతప్పుటయే తఱచుగ కారణము.

"చక్కెరవ్యాధిగలవారు పన్ను తీయించుకొనరాదు" అనుటయు సరికాదు. చక్కెర అదుపులో నున్నచో, వ్యాధి సంగతి ముందుగా దంతవైద్యునికి తెలిపినచో, వలసిన జాగ్రత్తలతో తీయవచ్చును. తెలుపకుండ తీయించుకొనుటయే అపాయము.

గృహములందు పాటింపవలసిన నియమములు

1. ఉదయమునను, రాత్రి పరుండుటకు ముందును రెండేసి నిమిషములు పండ్లు తోముకొనవలెను. రాత్రి షిఫ్టువారికి "పరుండుటకు ముందు" అనగా ఉదయము ఇల్లుచేరిన పిమ్మట అని అర్థము. మెత్తని బ్రష్షును పంటికిని చిగురునకును కలియుచోట ఏటవాలుగ నుంచి మెల్లగ కదపవలెను. ఫ్లోరైడుగల పేస్టు మంచిది.

2. ఇటుకపొడి, బొగ్గుపొడి, కచ్చిక పండ్లను అఱుగదీయును; గుడాఖు, నస్యము చిగుళ్లను చెఱచును. వేపపుల్ల వాడువారు దానిని మెత్తగ నమలి కుంచెవలె చేసికొని వాడవలెను. అది పండ్ల సందులకు చేరదు కావున, సన్నని సందు బ్రష్షుతోగాని దారముతోగాని సందులను శుభ్రము చేసికొనవలెను.

3. నెత్తురు కనబడినదని తోముట మానరాదు. మానినచో పాచి పెరిగి నెత్తురు హెచ్చును. రెండు వారములు శ్రద్ధగా తోమినను నెత్తురు నిలువనిచో దంతవైద్యుని చూడవలెను.

4. నోటి దుర్వాసన, చిగుళ్లు వాచుట, చీము, పండ్లు పొడవుగా కనబడుట, ముందుపండ్లు ఎడమగుట, కట్టుడు పండ్లు మునుపటివలె అమరకుండుట, ఇందులో నేది కనబడినను దంతవైద్యుని చూడవలెను. మధుమేహము గలదో లేదో రక్తపరీక్షయు చేయించుకొనవలెను. పరగడుపున 126 మిల్లీగ్రాములు, లేక హెచ్‌బిఏ1సి 6.5 శాతము, లేక అంతకు మించిన సంఖ్య మధుమేహమును సూచించును. వైద్యుడు మఱల పరీక్షించి నిశ్చయించును.

5. మధుమేహముగలవారు నొప్పి లేకున్నను చిగుళ్లను సంవత్సరమునకు ఒకసారియైనను చూపించుకొనవలెను. వ్యాధి యున్నవారికి మూడు నెలల కొకసారి అవసరము కావచ్చును.

6. దంతవైద్యునికడకు ఉదయము, భోజనముచేసి, మందు వేసికొని పోవుట మంచిది. పంటి నొప్పిచే ఏమియు తినలేక ఇన్సులిను మాత్రము ఎప్పటివలె వేసికొనుట ప్రాణాపాయకరము. చక్కెర మిక్కిలి పడిపోవును. అట్టి స్థితిలో వెంటనే వైద్యుని సలహా పొందవలెను.

7. వేడిచోట పనిచేయువారు మంచినీరు మాటిమాటికి త్రాగవలెను. టీలో చక్కెర తగ్గింపవలెను.

చికిత్స దొరకు స్థలములు, కార్యకర్తల కర్తవ్యము

కర్మాగారపు ఉద్యోగులకు సెక్టారు 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి కలదు. భిలాయిలోని కోహ్కాయందును, దుర్గునకు చేరువనున్న అంజోరాయందును దంతవైద్య కళాశాలలు గలవు. సాధారణముగా ఇట్టి కళాశాలలలో విద్యార్థులు ఆచార్యుల పర్యవేక్షణమున తక్కువ రుసుముతో చికిత్స చేయుదురు. ఒక దినము కూలి పోవునను భయముచే చికిత్స మానుకొను ఠేకా కూలీలు ఈ సంగతిని ముఖ్యముగ గమనింపవలెను. ఈ వ్యాధికి తొలిదశలో పట్టునది ఒకటి రెండు పూటలు. విడిచినచో పోవునవి పండ్లు, పిమ్మట కన్ను, కాలు, మూత్రపిండములు. వాటితో పనియు పోవును.

ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో 30 సంవత్సరములు నిండినవారికి రక్తపోటు, మధుమేహము, నోటి కాన్సరు మొదలగువాటి పరీక్షలు జరుగుచున్నవి. ఛత్తీస్‌గఢమున 2002నుండి మితానిన్ అను పేరుగల ఆరోగ్యకార్యకర్త్రులు ఇంటింటికిని పోవుచున్నారు. ఒకే మనుష్యుని ఒకే పరీక్షాక్రమమున నోరు తెఱపించి కాన్సరును వెదకుదురు, వ్రేలు గుచ్చి చక్కెరను చూతురు. ఆ నోటిలోనే యున్న చిగుళ్లనుగూర్చి ఒక్క ప్రశ్న చేర్చినచో ఈ రెండు గదుల నడిమి గోడ సగము కూలును: "పండ్లు తోముకొనునపుడు నెత్తురు వచ్చుచున్నదా?" ఈ ప్రశ్నకు యంత్రముగాని, వ్యయముగాని అవసరములేదు. ఛత్తీస్‌గఢి ఎఱుగని వృద్ధులకు దీనిని తెలుగులో అడుగుట వారి బిడ్డలును కోడండ్రును చేయదగిన పని.

ఇట్టి పరీక్ష వ్యర్థము గాదనుటకు నిదర్శనము గలదు. న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమువారు 2011లో ప్రకటించిన పరిశోధనలో, ఊడిన పండ్ల సంఖ్యయు లోతైన చిగుళ్ల సంచుల శాతమును మాత్రమే చూచి, అంతవఱకు బయటపడని చక్కెర దోషముగలవారిలో నూటికి 73 మందిని గుర్తించిరి. వ్రేలినుండి తీసిన రక్తమునకు హెచ్‌బిఏ1సి పరీక్ష చేర్చినపుడు ఆ సంఖ్య 92 అయ్యెను. దంతవైద్యుని కుర్చీలో కూర్చుండినవాడు తనకు తెలియని మధుమేహమును అచ్చటనే తెలిసికొనగలడని దీని యర్థము.

కావున దంతవైద్యులు చెడిన చిగుళ్లుగల ప్రతి వయోజనుని రక్తపరీక్షకు పంపుదురుగాక. మధుమేహవైద్యులు పాదములను చూచునట్లే నోటిని తెఱపించి చూతురుగాక. కర్మాగారములలో నియతకాలమున జరుగు దేహపరీక్షలో చిగుళ్లకును స్థానము కల్పింపబడుగాక. అంతవఱకు రోగియే ఆ పని చేయవలెను. పంటి డాక్టరుతో "నాకు షుగరు గలదు, లేక నా తల్లిదండ్రులకు గలదు" అనియు, షుగరు డాక్టరుతో "నా చిగుళ్లు నెత్తురోడుచున్నవి" అనియు తానై చెప్పవలెను. ఈ రెండు మాటలు చెప్పుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. అవి సకాలమున చెప్పబడినచో పెక్కుమందికి పండ్లును, కన్నులును, ప్రాణములును దక్కును.